చౌరస్తాలో అరగంట

మా ఆయన గని నుంచి రిటైరైన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం సాయంత్రమే గోదావరిఖని చౌరస్తాలో స్టూలు వేసుకుని, మైకు పట్టుకుని సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి పదకొండేళ్లయింది. ఆయన పన్నెండు అంటాడు. నేను లెక్కల టీచరుగా పనిచేసిన దాన్ని, కాబట్టి పదకొండే.

గనిలో ఆయన టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, పైన చిటపటలు వినబడితే "ఉరుకుండ్రి" అని అరవడం ఆయన పని. గని మోతలో అరిచి అరిచి గొంతు పెద్దదయింది, చెవులు మందగించాయి. ఆయనకు మైకు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా చర్చి సంఘానికి పాస్టరుగా కొత్తగా వచ్చిన అయ్యగారు చిన్నవాడు, మెత్తగా మాట్లాడతాడు. నేనూ సభ్యురాలినైన సంఘం కమిటీలో ఈ సంగతి ఆయనే ఎత్తాడు.

"రోడ్డు మీద మైకు పెడితే ఎవరు వింటున్నరు కాకా? ముఖం తిప్పుకుంట పోతున్నరు. ఇంటింటికి పోదాం. నెమ్మదిగ మాట్లాడుదాం."

"పైన కూలుతుంటే చెవుల గుసగుస పెడ్తరా అయ్యగారు? అరవాలె."

"ఇక్కడ ఏం కూలుతలేదు కాకా."

"గనిల గూడ గట్లనే అన్నోళ్లున్నరు. తర్వాత అందరికంటే ముందు వాళ్లే ఉరికిండ్రు."

నేను అయ్యగారి పక్షం. మూడు షిఫ్టుల ఊరు మాది. ఏ వేళ చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. అలాంటి చోట కేకలు వేయడం మర్యాద కాదని ఇంట్లో ఎన్నోసార్లు చెప్పాను. ఇంటింటికి వెళ్లాలన్న ఆలోచన కూడా నాదే. నెల రోజులు చౌరస్తా ఆపి, ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్లి చూడాలని, ఆ తర్వాత చేతులెత్తి తేల్చాలని నిర్ణయించారు. మా ఆయనకు జోడీగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నన్ను వేశారు.

ఆ ఆదివారం ఆయన అన్నం ముందు కూర్చుని ఊరికే కలిపాడు. "గని పని అయిపోయె. ఈ ఒక్క పని ఉండె. గిది గూడ వద్దంటే నేనేం చెయ్యాలె?" అన్నాడు. ఆ మాట మాత్రం మెల్లగానే అన్నాడు.

మొదటి ఇల్లు మా వెనక లైన్లోని క్వార్టరు. దారిలో చెప్పాను. "మెల్లగ మాట్లాడు."

"మెల్లగనే మాట్లాడ్త" అన్నాడు. రెండు వైపులా పడుకున్న కుక్కలు లేచాయి.

తలుపు తీసినామె పెదవుల మీద వేలు పెట్టి, వాళ్లాయన నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నాడని గుసగుసగా చెప్పింది. నాకు వినబడింది. మా ఆయనకు వినబడలేదు.

"అమ్మా, సమయం దగ్గరవడ్డది" అని మొదలుపెట్టాడు.

లోపలి గదిలో ఏదో దబ్బుమని పడింది. మరుక్షణం లుంగీ ఒక చేత్తో పట్టుకుని, కాళ్లకు డ్యూటీ బూట్లతో ఒక మనిషి మా మధ్య నుంచి దూసుకుపోయి రోడ్డు మీద నిలబడ్డాడు. బూట్లు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకున్నాడు. ఆకాశం వైపు చూశాడు. తర్వాత మా వైపు చూశాడు.

"నువ్వా కాకా? రూఫ్ కూలుతున్నదనుకున్న."

ఒకప్పుడు మా ఆయన దగ్గర పనిచేసిన మనిషి. ఆ గొంతు విని గనిలో రెండుసార్లు ఉరికాడట.

"గప్పుడు ఉరికినందుకే గదా కాకా ఇయ్యాల బతికి పండుకున్న. ఇగ పండుకోనియ్యి" అని చెప్పి లోపలికి పోయాడు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినవా? అరిస్తెనే లేచిండు."

"లేచి లుంగీ పట్టుకుని ఉరికిండు. మారుమనసు పొందలేదు" అన్నాను.

ఆ ఇల్లాలు చాయ్ పెట్టింది. తాగి లేచాక గేటు దాకా నా వెంట వచ్చింది.

"టీచరమ్మా, ఏమనుకోకు. కూరగాయలకు పోయినప్పుడు చౌరస్తల కాక చెప్పే మాటలు ఇంతసేపు నిలవడి ఇనేదాన్ని. నచ్చకుంటే పోయేదాన్ని. మీరు ఇంటికొస్తే నేనెట్ల పోవాలె? నా ఇల్లేనాయె."

ఆ మాట నన్ను నెలంతా వదల్లేదు. నెమ్మదిగా మాట్లాడితే చాలు, అదే మర్యాద అనుకున్నాను. తలుపు తీయాల్సిన మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

నెల తర్వాత కమిటీలో ముగ్గురు అటు, ముగ్గురు ఇటు చేతులెత్తారు. మిగిలింది నేను. మా ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. ఆ ఇల్లాలు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పి, మైకు లేకుండా, క్వార్టర్లకు దూరంగా ఉన్న వైపున, అరగంట మాత్రమే అన్న షరతులతో చౌరస్తాకు చెయ్యెత్తాను.

"అమ్మా, ఇంటింటి ఆలోచన మీదే గదా?" అన్నాడు అయ్యగారు.

"నాదే. ఆ ఇంట్ల చాయ్ తాగింది గూడ నేనే."

ఇంటికి వచ్చాక మా ఆయన మంచి మాట ఒక్కటీ అనలేదు. "అరగంటల ఏం చెప్పాలె?" అన్నాడు.

"అసలు సంగతి చెప్పు."

"గది ఆఖరికి చెప్పేది."

"అయితే ఆఖరు నుంచి మొదలువెట్టు."

ఆదివారం అలాగే మొదలుపెట్టాడు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఏం చేయాలో తెలియక స్టూలు మీద నిలబడి నా వైపు చూశాడు.

"గంతేనా తాతా?" అన్నాడు ఒక ఆటో డ్రైవరు.

"ఏమన్న అడగాలనుంటే అడుగుండ్రి" అన్నాడు మా ఆయన. ఆ మాట ఆయన నోట అదే మొదటిసారి.

"ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడ్తవా?" అన్నాడు ఆ డ్రైవరే.

ఆయనకు వినబడలేదు. నేనే చెవి దగ్గరకు పోయి చెప్పాల్సి వచ్చింది.

"ఇంట్లనా? ఇంట్ల ఈమె చెప్తది, నేను వింట."

జనం నవ్వి దగ్గరకు జరిగారు. పైకప్పు కూలేది ముందుగా ఎట్లా తెలిసేదని ఇంకొకతను అడిగాడు. వినడానికి మా ఆయన స్టూలు దిగి అతని నోటి దగ్గర చెవి పెట్టాడు. చెప్పడం అయిపోయినా మళ్లీ స్టూలు ఎక్కలేదు. ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే అక్కడే నిలబడి చెప్పాడు. నేను ఆపలేదు.

అరగంట మీద ఏడు నిమిషాలయింది. తర్వాతి కమిటీలో అదీ చెప్పాను.