కొయ్యలో మిగులు తీగ

ఫిబ్రవరి 16, ఆదివారం. ఉప్పుటేరు గట్టు మీద బావ షెడ్డు. ఉన్నవారు: బావ, మా చెల్లెలు, బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన బోరు మెకానిక్కు, నేను.

బావ అంటే చెల్లెలి భర్త. ఓడల ఇంజను గదుల్లో పనిచేసి, రిటైరయ్యాక పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. పోయిన ఏడాది పొద్దుగూకాక సముద్రం నుంచి తిరిగి వస్తుంటే ఒక చేపల మరబోటు ఈ పడవను చూసుకోక, చేయి చాపితే తగిలేంత దగ్గరగా దాటిపోయింది. ఆ సంగతి బావ నవ్వుతూ చెప్పాడు. చెల్లెలు నవ్వలేదు. కొయ్య చివర దీపం వెలగాలి, గాలి వేగం చెప్పే మీటరు పనిచేయాలి, లేదంటే పడవ అమ్మేయాలి అంది. నాయుడుపేటలో ఒకాయన కొంటానన్నాడు. సోమవారం ఉదయం కొయ్య నిలబెట్టాక దీపం వెలగకపోతే ఆయన మధ్యాహ్నం వచ్చి పడవ చూసుకుంటాడు. ఈ ఏర్పాటు చెల్లెలిదే. బావ ఒప్పుకున్నాడు.

కొయ్య అంటే తెరచాప కట్టే స్తంభం. ఇది నిజానికి అల్యూమినియం గొట్టం, లోపల గుల్ల. అయినా అందరం కొయ్య అనే అంటాం. దాన్ని షెడ్డులో బల్లల మీద పడుకోబెట్టాం. రెండు తీగలు చివర నుంచి మొదలు దాకా దాని లోపలి నుంచి రావాలి. ఒకటి దీపానిది, ఒకటి గాలి మీటరుది. కొయ్య అడుగున అవి బయటికి వచ్చి, డెక్కుకు వేసిన రంధ్రం గుండా పడవ లోపలి గదిలోకి దిగాలి. బ్యాటరీ, మీటరు ఉండేది అక్కడే. కొయ్య నిలబడ్డాక ఈ పని కుదరదు.

మెకానిక్కుది మా పొలం పక్క పొలం. చుట్టుపక్కల బోర్లలో మోటార్లు దించేది ఆయనే. ప్రార్థన ముగించుకుని తెల్లచొక్కాతోనే వచ్చాడు. చొక్కా మేకుకు తగిలించి, వంగి గొట్టంలోకి చూశాడు.

"ఏముందన్నా, ఇది పడుకున్న బోరే గదా," అన్నాడు నాతో.

"నీళ్లు పడతాయా?" అంది చెల్లెలు.

"పడితే మునిగినట్టే అక్కా."

గోడల్లో కరెంటు తీగలు లాగేవాళ్లు వాడే ఉక్కు పట్టీని ముందుగా లోపలికి తోశాడు. అది నడుమ బోల్టుకు తగిలి ఆగింది. కొయ్యను పక్కకు దొర్లిస్తే కదిలింది. దాని వెంట నైలాను తాడు, తాడుతోపాటు తీగలు. బరువు తీగల మీద పడకుండా, చేయి చాపినంత దూరానికి ఒకచోట సైకిలు ట్యూబు ముక్కతో తీగల్ని తాడుకు బిగించి కట్టాడు. బోరులో మోటారు దించేటప్పుడు చేసే పద్ధతే ఇది.

"బాగా బిగించు. వదులుంటే గాలికి లోపల టకటకా కొట్టుకుంటాయి, నిద్ర పట్టదు," అన్నాడు బావ.

"సముద్రంలో నిద్రపోయేదానికా మీరు పొయ్యేది?" అంది చెల్లెలు.

నేను టార్చి పట్టుకుని, ఏ తీగ దేనిదో తెలిసేలా రంగు టేపులు చుట్టాను.

చివరికి మెకానిక్కు మిగులు తీగనంతా చుట్ట చుట్టి, కొయ్య చివరి మూతలో సర్దాడు. తాడు కొసను అక్కడే ముడి వేశాడు. కొయ్య అడుగున మాత్రం జానెడు వదిలాడు. బోరులో మోటారు అడుగున ఉంటుంది, స్టార్టరు గట్టు మీద ఉంటుంది. అందుకే అడుగున తీగ కొంచెం చాలు, మిగిలింది పైన పెట్టుకుంటారు. అక్కడున్న వాళ్లమంతా చిన్నప్పటి నుంచీ మోటార్లు దించడం చూసినవాళ్లమే. ఓడలు తిరిగిన బావ కూడా పొలంలో పెరిగినవాడే. మిగులు పైన ఉండడం ఎవరికీ వింతగా అనిపించలేదు. బ్యాటరీ తగిలిస్తే దీపం వెలిగింది. మెకానిక్కు ఆ రాత్రికి ఆగిపోయాడు.

సోమవారం ఉదయం హైడ్రా క్రేను వచ్చింది. గట్టుకు కట్టిన పడవ మీద కొయ్యను నిలబెట్టింది. తీగల కొసలు బయటికి తీసి చూస్తే డెక్కు రంధ్రానికి మూరెడు ముందే ఆగిపోయాయి. మిగులంతా ఆకాశంలో ఉంది. కొయ్యను పడకుండా నిలిపే పక్క తాళ్లు ఇంకా బిగించలేదు కాబట్టి కొయ్య ఎక్కే వీలు లేదు.

మెకానిక్కు తల పట్టుకున్నాడు. "అయ్యో, బోరు బుద్ధి పోనిచ్చుకోలేదన్నా. అతుకేస్తా. టేపు దట్టంగా చుడితే సరిపోతాది."

"ఉప్పుగాలికి అతుకు నిలవదు," అన్నాడు బావ. "ఈ రోజు వెలుగుతాది. ఏదో ఒక రాత్రి ఆరిపోతాది. ఆమెకు అట్టాంటి దీపం చూపించి నేను పొయ్యేదా?" తర్వాత గట్టు మీదున్న చెల్లెలి వైపు తిరిగి, "నాయుడుపేట ఆయన్ని రమ్మను," అన్నాడు.

చెల్లెలు ఫోను తీయలేదు. క్రేను దగ్గరికి నడిచింది.

"తమ్ముడూ, కొయ్య మళ్లా దించి, తీగ సర్దినాక ఎత్తి పో."

"ఇంకోచోట పనుండాదక్కా."

"కారం దోసెలు పోస్తుండా. తినకుండా యాడికి పోతావు?"

డ్రైవరు కొయ్య దించాడు. చివరి మూత తీసి ముడి విప్పి కింది నుంచి లాగితే, తాడుతోపాటు తీగ కొయ్య అడుగు వైపుకు జారింది. ఈసారి బావ కొలతలు తనే చూసుకున్నాడు. వాన నీళ్లు తీగ వెంట లోపలికి పోకుండా, రంధ్రానికి ముందు తీగను కిందికి వంచి వదిలాడు. చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. రంధ్రం చుట్టూ రబ్బరు బిళ్ల బిగించాడు. క్రేను కొయ్యను మళ్లీ ఎత్తింది. బావ లోపలికి దిగి స్విచ్చి వేశాడు. మీటరులో అంకె కదులుతోందని కేకేశాడు.

దీపం సంగతి చెప్పాల్సింది చెల్లెలు. ఆమె గట్టు చివరి దాకా నడిచి, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. నేను పక్కనే నిలబడ్డాను. ఎండ సరిగ్గా కొయ్య చివర మీద పడుతోంది. దీపం వెలుగుతున్నదీ లేనిదీ నాకు తెలియలేదు.

"వెలుగుతుండాది," అంది.

నాయుడుపేట ఆయనకు ఫోను చేసి రావద్దని చెప్పింది. బావ పడవలోంచి బయటికి రాలేదు. బావ వంతు దోసెలు మెకానిక్కు చేత అక్కడికే పంపించింది.