మా పొలంలో దిగబడిన రోడ్డింజను

మా దొర చచ్చిపోయి చాలా ఏళ్లయింది. చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు. ఆ మాట మంచివాళ్ల కోసం పుట్టింది. నేను ఆయన్ని క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింద మాకు చిన్న వరిచెక్క ఉండేది. దొర కూతురి పెళ్లికి వెట్టి బండి కట్టనన్నందుకు మా బాపు దగ్గర ఆయన దాన్ని లాక్కున్నాడు. దొరల మీద లేచిన సంఘం దళాలు తిరిగిన రోజుల్లో దొర తన గడీకి తాళం వేసి హైదరాబాదు పారిపోయాడు. మేము మళ్లీ నాగలి కట్టాం. పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం పోయింది, ఇక దొరల రాజ్యమూ పోతుందనుకున్నాం. ఆయన మిలిటరీ లారీల వెనకే కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. దళానికి అన్నం పెట్టాడని బాపును పట్టించి జైలుకు పంపాడు. మేము జైలుకు చూడబోయినప్పుడు బాపు తన గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "పొలం ఇడువకు. ఏమన్నగానీ, ఇడువకు" అని అమ్మకు చెప్పాడు.

అప్పటికి నాకు పెళ్లయింది. అమ్మ ఒంటరిదైపోయిందని అత్తగారింటి నుంచి వచ్చి ఆమెతో ఉన్నాను.

ఆ ఎండాకాలం గడీకి దగ్గరిదారి వేస్తానని దొర ఎవరో ఆఫీసరును పట్టుకుని రోడ్డింజను తెప్పించాడు. గడీకి దారి ఎప్పటినుంచో ఉంది. ఈ కొత్తది సరిగ్గా మా పొలం నడుమ నుంచి పోవాలి. మొరం పోసి రోలరు తొక్కిందంటే ఆ నేలలో ఇక నాగలి దిగదు. "దున్నుకున్నరు గద, ఇగ దున్నుకోండ్రి చూస్త" అని ఆయన గట్టు మీద నిలబడి అన్నాడు.

ఇంజను తుర్కయాంజాల్ మీదుగా వస్తుంటే పొగ ముందు కనబడింది, చప్పుడు తర్వాత వినబడింది. ఇప్పటి డీజిలు రోలర్లు దాని ముందు మేకపిల్లలు. ముందు చక్రం బదులు దొర్లే ఒక ఇనుప పొత్రం, వెనక మనిషి ఎత్తు చక్రాలు రెండు, నడుమ పడుకోబెట్టిన పీపా లాంటి బాయిలరు. వెనక పొయ్యిలో కట్టెలు వేస్తే మంట బాయిలరు లోపలి గొట్టాల్లోంచి పారి పొగగొట్టంలోకి పోతుంది. గొట్టాల చుట్టూ నీళ్లు మరుగుతాయి. ఆవిరి పైకి చేరి, నెత్తిన ఉన్న సిలిండరులోకి దూరి, అందులోని ఇనుప బిరడా లాంటి పిస్టనును ముందుకీ వెనక్కీ తోస్తుంది. ఆ తోపుడుకు పక్కనున్న పెద్ద చక్రం తిరుగుతుంది, దాని పళ్లచక్రాలు వెనక చక్రాలను తిప్పుతాయి. డ్రైవరు నడిపే చక్రానికి గొలుసులు ఉండేవి. ముందు పొత్రం వాటితో మెల్లగా మళ్లేది. శత్రువు తెచ్చిన వస్తువే అయినా చూడముచ్చటగా ఉందని ఒప్పుకోవాలి.

దానికి దప్పిక ఎక్కువ. ఇంటికో ఆడమనిషి చెరువు నుంచి నీళ్లు మోయాలని దొర హుకుం. వెట్టి పోయిందని చాటింపు వేసిన నోళ్లే మమ్మల్ని పిలవడానికొచ్చాయి. మా పొలాన్ని చంపడానికి మా నెత్తిన నీళ్లు. అమ్మ పళ్లు కొరుక్కుంటూ మోసింది.

మొదటిరోజే డ్రైవరు ఒక కుండలో చెయ్యి పెట్టి, వేళ్లు రుద్దుకుని చూసి కసిరాడు. "కడిగిన కుండ తేండ్రమ్మా. కుంకుడు నీళ్లు, సబ్బు నీళ్లు కలిస్తే బాయిలరు నురుగు కక్కుతది. నురుగు సిలిండర్లకు పోతే ఇంజను ఖతం."

అమ్మ తల వంచుకుని సరేనంది. ఇంటికి వచ్చే దారిలో ఆమె నడక మారింది. అడగకుండానే అంతా చెప్పి పంపే డ్రైవరును ఆ దేవుడే పంపాడని నాతో అంది.

మర్నాడు వాడకట్టు ఆడవాళ్లందరం కుంకుడుకాయలు దంచాం. గుజ్జు నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కుండకు ఇంత పోశాం. నీళ్లు తొణకకుండా కుండల్లో వేపమండలు వేయడం అలవాటే. కాస్త నురుగు తేలినా అవి కప్పేశాయి. రోడ్డు అప్పటికి మా గట్టు తెగ్గొట్టింది. ఇంజను పొలంలోకి దిగి నడుమదాకా వచ్చింది.

ముందు పొగగొట్టంలోంచి తెల్లటి తుంపరలు లేచాయి. తర్వాత నురుగు బుసబుసా పొంగి డ్రైవరు టోపీ మీద పడింది. ఆవిరైతే అదిమితే అణుగుతుంది, నీళ్లు అణగవు. నురుగుతో పాటు నీళ్లు సిలిండరులోకి పోయి, పిస్టను వాటిని గుద్ది గుద్ది, పెద్ద చప్పుడుతో ముందరి మూతను పగలగొట్టింది. డ్రైవరు కిందికి దూకి, నిప్పులు బయటికి లాగేశాడు. నాకు గంతులేయాలనిపించింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దొర మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. ఎవరి పనో చెప్పమన్నాడు. అమ్మ ముందుకొచ్చింది.

"మాకు ఇంటికొక్కటే కుండ దొరా. దాంట్లనే నీళ్లు తాగుతం, దాంట్లనే తలకు వోసుకుంటం. శానా కుండలు ఉండేది మీ గడీల."

దొర మనిషి అమ్మ చెంప పగలగొట్టాడు. ఆమె చెంప తడుముకోలేదు. తగ్గని చూపుతో దొరను చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు ఆస్తిగా వచ్చింది.

కొత్త మూత తేవడానికి డ్రైవరు హైదరాబాదు పోయాడు. ఆ సామాను దొరికేలోపు మృగశిర వానలు దబదబా దంచాయి. తడిసిన వరిమడిలో అంత బరువు నిలుస్తుందా? పొత్రం సగందాకా దిగిపోయింది. ఊరందరినీ తాళ్లు కట్టి లాగమన్నాడు దొర. అందరం వచ్చాం. "ఐలేసా" అని చెరువు అవతలికి వినబడేలా అరిచాం. నోళ్లే లాగాయి, చేతులు లాగలేదు. తర్వాతి ఎండాకాలం పలకలు పరచి, ఇంకో ఇంజను తెచ్చి దాన్ని పెకిలించుకుపోయారు. అప్పటికి ఆ ఆఫీసరు బదిలీ అయ్యాడు, కౌలుదార్లను, భూమి దున్నుకుంటున్నవాళ్లను కదిలించొద్దని పైనుంచి కట్టడి వచ్చింది. దారి మాట దొర మళ్లీ ఎత్తలేదు.

పొలం నడుమ పెద్ద గుంత మిగిలింది. బాపు జైలు నుంచి వచ్చి, దాన్ని పూడ్చి నాటేద్దామన్నాడు. "నా పానం ఉన్నంతవరకు అది గట్లనే ఉండాలె" అంది అమ్మ. గింజ గింజకు కటకటలాడే ఇంట్లో అంత మడి నాటకుండా పడావు పెట్టింది. బాపు నెత్తి కొట్టుకున్నాడు. నేను అమ్మ పక్షం.

ఎలక్షన్లు వచ్చాయి. దొర నిలబడ్డాడు. ఇల్లిల్లూ తిరిగి, చివరికి కలుపు తీస్తున్న మా గట్టు మీదికి పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. చేతులు జోడించి, "అక్కా, పాతయి మనసుల వెట్టుకోకు, నీ ఓటు నాకెయ్యి" అన్నాడు. ఆ నోట అక్కా అన్న మాట వినడం అదే మొదలు.

అమ్మ కొడవలి నడుముకు దోపుకుంది. "గా గుంతల దిగి అడుగు" అంది.

గుంతలో మోకాలి లోతు నీళ్లు. ఆయన వెంట వచ్చినవాళ్లు ఆయన ముఖం చూశారు, చుట్టుపక్కల మళ్లలో కలుపు తీసేవాళ్లు నడుములు లేపారు. ఆయన ఎలాగో నవ్వి, దాన్ని వేళాకోళం కింద జమ చేసుకుని, బూట్లు విప్పి, ధోవతి ఎగ్గట్టి దిగాడు. బురదలో నిలబడి మళ్లీ చేతులు జోడించాడు.

అమ్మ తృప్తిగా, తీరిగ్గా చూసింది. "సరే, పో" అంది.

ఓటు మాత్రం ఆయనకు వెయ్యలేదు.