D డ్రైవ్ అన్నగారి వాటా అట!

ఇవాళ చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసే అన్నదమ్ముల కంప్యూటర్ చూడ్డానికి వెళ్లాను. C డ్రైవ్ నిండిపోయి నగల డిజైన్లు తెరుచుకోవడం లేదు. కూచిపూడి వాళ్ల నాట్యం నగల సెట్లేమో రేపటికల్లా అందాలి. పక్కనున్న D డ్రైవ్‌లోంచి కొంత జాగా తీసి C కి కలుపుతానన్నాను.

"D నా వాటా అండీ. తమ్ముడి E లోంచి తీసుకోండి," అన్నాడు అన్న.

"పక్కనున్నవాళ్లే ఇవ్వాలి. నాదెందుకు ఇస్తాను?" అన్నాడు తమ్ముడు.

ఆస్తి పంపకాల్లో కంప్యూటర్ని కూడా పంచుకున్నారు మహానుభావులు! తీరా తెరిచి చూస్తే D లో ఒక్క ఫైలూ లేదు, E లోనూ లేదు. ఇద్దరి చెత్తా ఉమ్మడి C లోనే ఉంది.

"సర్వేయర్ని పిలిపించి గట్టు వేయించుకోండి," అని లేచొచ్చేశాను. వాటాలు మాత్రం భద్రంగా ఉన్నాయి, ఖాళీగా. ఇలాంటివాళ్లు మీకూ తగిలారా?