మెత్తని ముడి

మనిషినెవరినైనా ముట్టుకునే ముందు గాజులను మోచేతి దాకా నెట్టుకోవడం నానక్‌రామ్‌గూడ బాలమణికి అలవాటు. బిడ్డకు జడ వేసినా అంతే, పొరుగామెకు చెయ్యందించినా అంతే. మంచాన పడ్డ అత్తను చూసుకునే రోజుల్లో ఓసారి గాజు తగిలి ఆమె పల్చటి చర్మం గీరుకుపోయి నెత్తురొచ్చింది. అత్త పోయి ఏడాదైనా అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఓ ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పనికి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. "చేతులు బోసిగుంటే మంచిగుండది" అని పక్కింటి కళ్యాణి నిన్న ఆమెకు నిండుగా కొత్త గాజులు వేయించింది. ఇంటర్వ్యూకి అలవాటు చేద్దామని తనే మంచం మీద కూర్చుని, యజమానురాలిలా "ఏమేం పనులొస్తయమ్మా?" అని అడిగింది. బాలమణి నోటితో చెప్పలేక, కళ్యాణినే పడుకోమని వీపు కింద చెయ్యేసి లేపబోయింది. బిగుతు గాజులు పైకి జరగలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

పొద్దున్నే సబ్బు నురగ రాసి గాజులన్నీ తీసేసింది. మాదాపూర్‌లో లేస్తున్న మేడల్లో గోడలు కట్టే భర్త సాయిలు, సద్ది కట్టుకుంటూ ఆ చేతులు చూసి అదిరిపడ్డాడు.

"ఏందే, నేనింక బతికే ఉన్న గద!"

"ఆమెను లేపాలె, కూసోబెట్టాలె. ముసలి తోలు, గీసుకపోతది."

సాయిలు దేవుడి గూట్లోంచి పసుపుదారం తెచ్చి ఆమె రెండు మణికట్లకూ కట్టాడు. సిమెంటుకు మొరటెక్కిన తన వేళ్లను నమ్మలేక, ఆమె చెయ్యెత్తి ముడిని తన చెంపకు రాసి చూసుకున్నాడు.

"మెత్తగనే ఉన్నది. ఇగ పో."