చెదల కుండ, తొమ్మిది కోడిపిల్లలు

మా చిన్నప్పుడు... పొద్దున్న లేస్తూనే, మొహమైనా కడుక్కోకుండా పెరట్లోకి పరుగెత్తేదాన్ని. కంచె పక్కన బోర్లించిన పాత కుండని మెల్లగా ఎత్తితే... లోపల పేడా గడ్డీ నిండా, బియ్యపు నూకల్లా తెల్లగా కదులుతూ చెదలు! ఆ కుండని చేటలో దులిపీ దులపకముందే తొమ్మిది కోడిపిల్లలూ నా కాళ్ల మీంచి దూకుతూ వచ్చి పడేవి. వాటి వెనకే మా నల్లపెట్ట... తనొక్కటీ తినకుండా పిల్లల్ని పిలిచి పిలిచి తినిపించేది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. సొంతూరు పలాస దగ్గర. పెరటి కంచె అంటే రైలు పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు నిలువుగా పాతినదే... వానలకి నాని, మెత్తబడి, చెదలకి ఇల్లయిపోయింది.

కుండ పెట్టడం నాకు నేర్పింది సుఖ్‌మతి దాయి. మా వరస క్వార్టర్లకి పిడకలు తెచ్చేది. ఏళ్ల తరబడి తెలుగువాళ్ల గుమ్మాలు ఎక్కీ దిగీ ఆమెకి తెలుగు వచ్చేసింది... తన పద్ధతిలో.

"నోనీ, సాయంత్రం కుండలో గడ్డి, పేడ పెట్టి కొంచెం నీళ్లు చల్లు. సుబహ్ చూడు, దీమక్ నిండిపోతాది. పిల్లలు మోటా అయిపోతాయి" అంది. నోనీ అంటే వాళ్ల భాషలో అమ్మాయి, దీమక్ అంటే చెదలు. అలా చెదలు తిని పెరిగిన మొదటి పిల్లే మా ఎర్రపెట్ట. ఆ మరుసటేడు నల్లపెట్టకి ఈ తొమ్మిదీ పుట్టాయి.

బడిలో ఆ ఏడే మా టీచరు బహిన్‌జీ బోర్డు మీద బాణాలు గీసి చెప్పారు... గడ్డిని మిడత తింటుంది, మిడతని కప్ప, కప్పని పాము... ఒకరి ఒంట్లో బలం ఇంకొకరికి అలా చేరుతుందని. అందరూ అదే బొమ్మ ఎక్కించుకున్నారు. నేను మాత్రం స్లీపరు, చెద, కోడి, గుడ్డు, చివర్న రెండు జడలతో నన్ను గీసుకున్నాను. కోడిరెట్ట నుంచి ఆనపపాదుకి ఇంకో బాణం.

బహిన్‌జీ నవ్వి, "అచ్ఛా... మరి ఈ స్లీపరు ఎక్కడిది?" అన్నారు.

"అడవిలో చెట్టు" అన్నాను.

"ఆ చెట్టుకి బలం?"

"ఎండ!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు.

ఇంటికొచ్చి ఎర్రపెట్ట పెట్టిన గుడ్డు తింటూ... ఎక్కడో అమర్‌కంటక్ వైపు అడవిలో, నేను పుట్టకముందు కాసిన ఎండ నా కంచంలోకి వచ్చిందని ఎంత మురిసిపోయానో!

ఆ వానాకాలమే చెదలు ఇంట్లోకి వచ్చాయి. మంచం కింద చెక్కపెట్టె అడుగు తినేసి, నాన్న చదువు సర్టిఫికెట్టుని సగం మట్టి చేసేశాయి. ప్రమోషన్ పరీక్షకి అది చూపించాలి. సాయంత్రం నాన్న బజారు నుంచి ఏదో తెల్లపొడి తెచ్చి గోడల వారా, కంచె పొడవునా చల్లారు. అమ్మ వంటింట్లో ఉంది, నేను పక్క క్వార్టర్‌లో ఆడుకుంటున్నాను. మర్నాడు నేను లేవకముందే ఆయన డ్యూటీకి వెళ్లిపోయారు.

రాత్రి వానకి తడిసి పొడి జాడ తెలియలేదు... నేను మామూలుగానే కుండ దులిపాను. చెదలు కొంచెం మందకొడిగా కదిలాయి... అంతే గమనించాను. పిల్లలు ఆబగా తిన్నాయి. బడికి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం వచ్చేసరికి అమ్మ గంప పక్కన కూలబడి ఉంది. "ఒలే... పిల్లలు పడిపోతన్నాయే! పొద్దున్న ఏటెట్టావే?"

మెడలు వాల్చేసి వణుకుతున్నాయి. దూదితో ఒక్కోదానికీ నీళ్లు పట్టాం. సాయంత్రానికి ఆరు పోయాయి. నల్లపెట్ట వాటి చుట్టూ తిరుగుతూ పిలుస్తూనే ఉంది...

నాన్న వచ్చి, చొక్కా అయినా విప్పకుండా గొంతుక్కూర్చున్నారు. "కంచెకి కూడా సల్లీసేను... కుండ సంగతి తట్టనేదే గుంటా" అన్నారు. కోపం తెచ్చుకుందామనుకున్నాను... రాలేదు.

నాన్న చచ్చిన పిల్లల్ని తట్టలో ఎత్తి కంచె అవతల పడేయబోతే సుఖ్‌మతి దాయి పరుగున వచ్చి ఆపింది. "బయట వద్దు బాబూ! కాకి తింటే కాకి చస్తాది, కుక్క తింటే కుక్క చస్తాది. గహ్‌రా గొయ్యి తియ్యి."

నాన్న మోకాటిలోతు గొయ్యి తీశారు. పొడి పడిన మట్టిని కూడా గీకి అందులోనే వేసి, పైన రాళ్లు పేర్చారు. బలం నడిచే దారినే విషమూ నడుస్తుందని నాకు ఆ సాయంత్రం తెలిసింది.

మూడు పిల్లలు బతికాయి. వానలు వెలిసేదాకా సుఖ్‌మతి దాయి తన ఇంటి వెనక కుండ పెట్టుకోనిచ్చింది. రోజూ చేట పట్టుకుని అక్కడికి వెళ్లేదాన్ని. నాన్న ఊరికి ఉత్తరం రాసి సర్టిఫికెట్టు నకలు తెప్పించుకున్నారు. రేకు ట్రంకుపెట్టె కొని నాలుగు ఇటుకల మీద ఎత్తు పెట్టారు. ఇటుకల మీద చెదల మట్టిగీత పాకిందేమోనని రోజూ వంగి చూసి, చీపురుతో దులిపేసేవారు. పొడి మాత్రం మళ్లీ మా ఇంటికి రాలేదు.

చలికాలంలో నల్లపెట్ట మళ్లీ పొదిగింది. ఎనిమిది పిల్లలు! ఈసారి పేడా గడ్డీ కలిపింది నాన్నే... గ్రీజు మరకలు వదలని ఆ చేతులతో. పొద్దున్నే తనే కుండ ఎత్తి, "రాయే గుంటా, నిండిపోనాది!" అని కేకేశారు. ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని, అవి తింటుంటే చూస్తూ కూర్చుండిపోయాం. వంటింట్లోంచి అమ్మ, "డూటీకి ఎల్లరేటి?" అని అరిచేదాకా లేవలేదు.

మొన్నొక పెళ్లికి బిలాస్‌పూర్ వెళ్లినప్పుడు మా పాత వరస చూసొచ్చాను. పెరళ్లన్నీ సిమెంటు చేసేశారు. శుభ్రంగా ఉన్నాయి, బురద లేదు... కానీ అరగంట నిలబడినా ఒక్క పురుగు కనబడలేదు, ఒక్క పిట్ట వాలలేదు. ఇప్పుడు మన ఇళ్లల్లో మనమొక్కళ్లమే తింటున్నామనిపించింది...

మీ పెరట్లో మీతో పాటు ఇంకా ఎవరెవరు తిని బతికేవారు? ఒక్కసారి గుర్తు చేసుకుని చెప్పరూ...