గోల్‌కీపర్ కోసం రాసిన చీటీ

వచ్చే శనివారం మా ఉదయగిరి కాలేజీకీ ఆత్మకూరు కాలేజీకీ ఫుట్‌బాల్ మ్యాచ్. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా ఇదే గోల. బ్యానర్ ఎవరు కట్టిస్తారు, మజ్జిగ ఎవరు పోయిస్తారు, ఆత్మకూరు వాళ్ళని ఏమని ఏడిపించాలి, అన్నీ అక్కడే తేలుతున్నాయి. మ్యాచ్ రోజు పంచడానికి చిన్న పుస్తకం వేస్తారట, అందులోకి పాత ఆటగాళ్ళ జ్ఞాపకాలు కావాలన్నారు. వెంటనే ఒకడు నా గురించి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మనోడే రాయాల. ఏడేళ్ళ కింద ఆత్మకూరు మీద గోల్‌లో నిలబడింది వాడే గదా!" ఆ రోజు గోల్‌లో నిలబడాల్సింది నేను కాదు, ఆ మెసేజ్ పెట్టినవాడు. వాణ్ణి నిలబడకుండా చేసింది నేను. ఆ సంగతి వాడికి ఇప్పటికీ తెలియదు.

ముందే చెప్పేస్తున్నాను, ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం. నేను రెండు గోల్స్ తిన్నాను. రెండోది నా కాళ్ళ సందులోంచే పోయింది. ఆత్మకూరు కుర్రాళ్ళు బస్సెక్కేదాకా నా వైపు చూసి కాళ్ళు ఎడంగా పెట్టి నడిచి చూపించారు. దానికి నాకేమీ సిగ్గు లేదు. ఆటన్నాక ఎవరో ఒకరు తినాలి. నా సిగ్గంతా ఆ మ్యాచ్‌కి ముందు వారానిది.

జిల్లా అంతా క్రికెట్ ఆడుతుంటే మీకు ఫుట్‌బాల్ ఏందయ్యా అని బయటివాళ్ళు అడుగుతారు. మా చర్చి వెనక మిషన్ దొరల కాలం నాటి గ్రౌండు ఒకటుంది. ఎర్రమట్టి, అక్కడక్కడ గులకరాళ్ళు, ఒక పక్క పల్లేరు ముళ్ళు. ఆ దొరలు ఎప్పుడో వెళ్ళిపోయినా బంతిని తన్నే అలవాటు మాత్రం మా తాతల దగ్గర మిగిలిపోయింది. ఆత్మకూరు వాళ్ళకీ ఆ పిచ్చి ఎక్కడో అంటుకుంది. ఇక ఏటా పంతమే. "ఆత్మకూరోళ్ళు కాలవ నీళ్ళు తాగి లావెక్కినారు, పరిగెత్తలేరు" అని మేం. "ఉదయగిరోళ్ళకి కొండెక్కేది తెలుసు గానీ గోల్ కొట్టేది తెల్దు" అని వాళ్ళు. పెళ్ళిళ్ళలో కూడా ఈ మాటలే.

మా కీపర్‌ది సోమశిల వైపు. డ్యాం కట్టినప్పుడు ముంపులో ఊరు పోయిన కుటుంబం. నాయన చేపలు పడతాడు. వాడు మాత్రం ఉదయగిరిలో, మా చర్చికే వచ్చే పిన్ని ఇంట్లో ఉండి మా కాలేజీలో చదివాడు. "నువ్వు ఆత్మకూరు పక్కనోడివి, మా జట్టులో ఏంది రా?" అని మేం ఎప్పుడూ ఆటపట్టించేవాళ్ళం. వాడు నవ్వి ఊరుకునేవాడు. బంతి ఎటు వస్తుందో తన్నేవాడి కంటే ముందు వాడికే తెలిసేది. నేను వాడి తర్వాతి కీపర్ని. తర్వాతి కీపర్ అంటే ఏమిటో చెప్పాలా? రెండేళ్ళు గ్రౌండు ఒడ్డున కూర్చుని చప్పట్లు కొట్టాను, నీళ్ళ బాటిళ్ళు నింపాను. జట్టు ఫోటోలో చివరన నిలబడ్డాను. ఒక్క మ్యాచ్‌లో ఒక్క నిమిషం కూడా గోల్‌లో నిలబడలేదు. వాడంటే నాకు ప్రాణమే. వాడికి జలుబు చేస్తే బావుండునని కూడా అనిపించేది. రెండూ నిజమే.

ఆ ఏడు మ్యాచ్ మామూలుది కాదు. యూనివర్సిటీ జట్టుకి ఆటగాళ్ళని ఎంచడానికి ఇద్దరు సెలెక్టర్లు వస్తున్నారని మాకు ఆటలు నేర్పే పీడీ సార్ పది రోజుల ముందే చెప్పారు. ఆ సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక వాడూ నేనూ గోల్‌పోస్టుకి ఆనుకుని కూర్చున్నాం. వాడు బ్యాగులోంచి మాత్ర తీసి మింగాడు. ఏంటని అడిగాను. కాసేపు గులకరాళ్ళు ఏరి విసిరాడు.

"ఎవురికీ చెప్పబాకరా. నాకు ఫిట్స్ ఉండాది. పదో తరగతిలో నాయనతో పడవలో ఉండంగా వచ్చినాది. నీళ్ళల్లో పడిపోయినాను. నెల్లూరు డాక్టరు ఇంక పడవెక్కొద్దన్నాడు. మాత్రలేసుకుంటే ఆట ఆడుకోవచ్చన్నాడు. నాలుగేళ్ళయింది, మళ్ళా రాలా."

"సార్‌కి తెలుసా?"

"చెప్తే ఆడనిస్తాడా? ఈ మ్యాచ్ అయిపోనీ, చెప్తాను. సెలెక్టయితే నాయనకి చూపించేదానికి ఒకటుంటాది. మా ఇంట్లో నీళ్ళల్లో దిగనోడు నేనొక్కడినే."

పిన్నికి, నాకు తప్ప ఉదయగిరిలో ఇంకెవరికీ తెలియదన్నాడు. సరే అన్నాను. భుజం మీద చెయ్యి కూడా వేశాను.

ఇక్కడ మా సంఘం సంగతి కొంచెం చెప్పాలి. మా చర్చి గుమ్మం దగ్గర చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. రాసినవాళ్ళు తమ పేరు పెట్టనక్కర్లేదు. బుధవారం సాయంత్రం కూడికలో మా పాస్టరు అయ్యగారు ఆ చీటీలన్నీ పైకి చదువుతారు, అందరం కలిసి ప్రార్థన చేస్తాం. మంచి ఆచారమే, ఎంతమందికో దానివల్ల ధైర్యం దొరికింది. కానీ ఎవరి అల్లుడు తాగుతున్నాడో, ఎవరి కూతురు అలిగి వచ్చేసిందో ఊరికి ముందుగా తెలిసేది కూడా అక్కడే. "ఫలానా సహోదరుని అల్లుడు తాగుడు మానునట్లు" అని చదవగానే ముందు అయ్యో అంటారు, తర్వాత ప్రార్థిస్తారు, తర్వాత ఇళ్ళకు పోతూ మాట్లాడుకుంటారు. మా సంఘంలో చాడీలు చెప్పేవాళ్ళు లేరు. ప్రార్థన మనవులు ఇచ్చేవాళ్ళున్నారు.

మ్యాచ్ శనివారం. ఆ వారం బుధవారం మధ్యాహ్నం నేను ల్యాబ్ రికార్డులోంచి ఒక కాగితం చింపి చీటీ రాశాను. "మన కాలేజీ గోల్‌కీపర్ తమ్ముడు మూర్ఛవ్యాధి నుండి స్వస్థత పొందునట్లును, శనివారపు ఆటలో అతనికి ఏ అపాయమును రాకుండునట్లును ప్రార్థించుడి." తమ్ముడు అని ఎందుకు రాశాను? ఎవరో పెద్దవాళ్ళు రాశారనుకోవాలని. అక్షరాలు గుర్తుపట్టకూడదని ఎడమ చేత్తో రాశాను. దేవుడికి రాసే చీటీకి ఎడమ చెయ్యి ఎందుకురా అని నన్ను నేను అప్పుడు అడగలేదు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని నేను.

పీడీ సార్ చర్చికి రారు. ఆయన భార్య ఒక్క బుధవారం కూడా తప్పరు. మూడో వరసలో ఫ్యాను కింద కూర్చుంటారు. అయ్యగారు చీటీ చదువుతుంటే నేను చూసింది ఆమెనే. ఆమె చేత్తో నోరు మూసుకుని పక్కావిడ వైపు తిరిగారు. నా పని అయిపోయిందని నాకు తెలిసింది. వాడు ఆ సాయంత్రం గ్రౌండులో ఉన్నాడు, గోల్‌పోస్టులకి సున్నం కొడుతున్నాడు.

గురువారం పొద్దున సార్ అందరి ముందూ వాణ్ణి పిలవలేదు, గదిలోకి పిలిచారు. అంతవరకు మంచాయన. నేను తలుపు బయట బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నట్టు కూర్చున్నాను.

"ఏందిరా ఇది? నాకు చెప్పాల్నా వద్దా?"

"డాక్టరు ఆడొచ్చన్నాడు సార్."

"అన్నాడు సరే, కాగితమేదీ? రేపు నువ్వు పోస్టుకి గుద్దుకుని పడితే మీ నాయనకి నేనేం చెప్పాల? డాక్టరు దగ్గర లెటర్ తీసుకురా, ఆడు."

"ఆయన సోమవారమే వస్తాడు సార్. మ్యాచ్ శనివారం."

తర్వాత సార్ బయటికి వచ్చి నన్ను చూసి, "నువ్వు నిలబడాల్రా" అన్నారు.

ఇప్పటికీ నా లోపల ఒక వకీలు వాదిస్తూ ఉంటాడు. సార్‌కి తెలియడం మంచిదే కదా, నిజంగా వాడికి ఏమైనా అయి ఉంటే ఎవరిది పాపం అని. వాదన బాగానే ఉంటుంది. కానీ వాడు నాకు చెప్పింది పది రోజుల ముందు. డాక్టరు సోమవారమే వస్తాడని అప్పుడే వాడి నోటనే విన్నాను. మంచి కోరేవాణ్ణయితే, పదరా సోమవారం నెల్లూరు పోయి లెటర్ తెచ్చుకుందాం అనేవాణ్ణి. ఆ సోమవారం దాటిపోయేదాకా ఆగి బుధవారం చీటీ వేశాను. లెటర్ తెచ్చుకునే దారి లేకుండా చూసుకుని మరీ వేశాను.

వాడు అలుగుతాడనుకున్నాను. అలిగితే నాకు సులువయ్యేది. వాడు గురువారం సాయంత్రమే గ్రౌండుకి వచ్చాడు, తన గ్లౌజులు తెచ్చి నా చేతికిచ్చాడు. "ఆత్మకూరు పొడుగోడు ఎడమ కాలితో కొడతాడు. కొట్టే ముందు తల వంచుతాడు. వాడు తల వంచినాడంటే నువ్వు కుడి పక్కకి పో" అని చెప్పి, తనే ఆ పొడుగోడిలా వంద సార్లు తల వంచి నా మీదికి బంతి కొట్టాడు. నేను పట్టినప్పుడల్లా "అదీ!" అని అరిచాడు. గ్లౌజుల్లో నా చేతులు చెమటతో నానిపోయాయి. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను, నొప్పి అని అరవడానికి లేదు. మధ్యలో నీళ్ళు తాగుతూ వాడే అన్నాడు. "మా పిన్నే ఎవురితోనో చెప్పుకోని ఏడ్చుంటాదిరా, వాళ్ళే చర్చిలో ఆ చీటీ ఏసుంటారు. ఆమెని అడగలా నేను. బాధపడతాది." అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "ఇంకో పది కొట్టరా" అన్నాను.

శుక్రవారం సాయంత్రం చర్చిలో జట్టు కోసం ప్రార్థన పెట్టారు. పరీక్షలకి పోయేవాళ్ళకి, ఆపరేషన్‌కి పోయేవాళ్ళకి చేసినట్టే మాక్కూడా చేస్తారు. జట్టులో మా సంఘం పిల్లలం నలుగురం ముందుకు వెళ్ళి మోకరించాం. ఎవరైనా ఒకరు ప్రార్థించండి అన్నారు అయ్యగారు. వెనక పిన్ని పక్కన కూర్చున్న మా కీపర్ లేచి వచ్చాడు. నేరుగా నా దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. రోజూ మాట్లాడే గొంతు కాదది, చర్చి గొంతు.

"ప్రభువా, రేపు నా స్థలములో నిలబడు నా స్నేహితుని చేతులను బలపరచుము. అతని కన్నులను బంతి మీదనే నిలుపుము. తండ్రీ, నా కొరకు భారము కలిగి ఆ చీటీ రాసినవారెవరో నాకు తెలియదు. నీకు తెలుసు. వారిని దీవించుము. వారి ఇంటిని దీవించుము."

ఆడవాళ్ళు స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. పీడీ సార్ భార్య కళ్ళు తుడుచుకుంటున్నారు. వాడి చెయ్యి నా తల మీద బరువుగా, వెచ్చగా ఉంది. ఆ చెయ్యి కింద నాకు చచ్చిపోవాలనిపించింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనకపోతే ఎవరికైనా అనుమానం వస్తుందని నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే వాడు నా పక్కకు వచ్చాడు. తేలికపడ్డ ముఖం.

"ఎవురో గానీ మంచోళ్ళురా. నేను ఎవురికీ చెప్పుకోలేని మాట నా కోసం పోయి దేవుడితో చెప్పినారు. మనకోసం అట్టా ఎవురు చెప్తారు?"

జవాబు కోసం నా ముఖంలోకి చూస్తున్నాడు.

"అవునురా, మంచోళ్ళే" అన్నాను.