జయరాజు మాస్టారి బాణం గుర్తు

ఏక్‌బాల్‌పూర్‌లోని ఒక బడిలో భూగోళం చెప్పే జయరాజు మాస్టారు, పిల్లల వైపు తిరిగి మాట్లాడుతూనే, బోర్డు చూడకుండా, సుద్దముక్క ఎత్తకుండా దేశం తీరమంతా గీసేస్తారు. గీశాక వేళ్లు దులుపుకుని, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని కాసేపు ఆగుతారు. కొత్త సిలబస్‌లో ఆ పటం పోయింది. ఇప్పుడు పిల్లలు తమ వీధి పటం గీసి, వాననీళ్లు ఎక్కడ నిలుస్తాయో గుర్తించాలి. ఆ సిలబస్ కమిటీకి బడి తరఫున నిన్నగాక మొన్న చేరిన కుర్ర టీచరు కారుణ్యను పిలిచారు. అప్పట్నుంచీ మాస్టారికి టీ కూడా రుచించడం లేదు.

ఒకరోజు ఆమె క్లాసు ముందునుంచి పోతూ ఆగారు. బడి వీధిలో నీళ్లు ముందు ఎవరింట్లోకి వస్తాయని పిల్లలు కీచులాడుకుంటున్నారు. ఆయన చెప్పే గోదావరి పాఠం కోసం ఇన్నేళ్లలో ఒక్కరూ గొంతెత్తలేదు. అంతలో బోర్డు మీది పటంలో లోపం కనబడి ప్రాణం లేచొచ్చింది. "ఏటమ్మా కారుణ్యా, దిక్కు చూపించకుండానే పటమా?" అంటూ లోపలికెళ్లారు. "నిజమే మాస్టారూ, మర్చిపోయాం. మీ చేత్తోనే పెట్టండి," అని ఆమె సుద్దముక్క అందించింది. ఆయన అలవాటుగా పిల్లల వైపే చూస్తూ, పటం పైన బాణం గీసి ఉత్తరం అని రాశారు. "పటంలో పైనున్న ఆ వీధి చివర్నుంచే పొద్దున్న ఎండ వస్తాది సార్. అది తూర్పు," అంది ముందు బెంచీ పిల్ల. క్లాసంతా గొల్లుమంది. కారుణ్య మాత్రం నవ్వలేదు. "బాణం చెరపకండి. మాస్టారి బాణానికి సరిపడేలా వీధినే తిప్పి గీద్దాం," అంది. ఆమె కూడా నవ్వి ఉంటే, మాస్టారు ఇంటికెళ్లి ఆమెను హాయిగా తిట్టుకునేవారు. ఆ ఒక్క సుఖమూ మిగల్చలేదు.